జనంవైపు స్క్రీన్

"ఏందమ్మా, నీ మెడ పుట్టుకతోనే ఇట్ల వంకరా?" అని యర్రగొండపాలెం రైతొకాయన ఫిర్దౌస్‌ను మొహమ్మీదే అడిగాడు. "కాదు పెదనాయనా, మీరంతా కలిసి వంచినారు" అని ఆమె నవ్వింది. మార్కాపురం రిజిస్ట్రారు ఆఫీసు ఎదుట ఆమె దస్తావేజులు టైపు చేస్తుంది. సర్వే నంబరులో ఒక్క అంకె తప్పినా పొలం పోతుందని ఇక్కడివాళ్ల భయం. అందుకే స్క్రీన్ జనంవైపు తిరిగి ఉంటుంది. ఆమె పద్నాలుగేళ్లుగా పక్కనుంచి మెడ తిప్పి చూస్తూ కొడుతోంది. ఎడమ భుజం చెవిదాకా లేచి అక్కడే ఉండిపోయింది. వేళ్లు మొద్దుబారితే తొడకేసి రుద్దుకుని మళ్లీ కీబోర్డు మీద పెడుతుంది. "స్క్రీన్ ఎదురుగా పెట్టుకో, లేకుంటే చెయ్యి పడిపోతుంది" అని ఒంగోలు డాక్టరు స్కానింగు చూసి చెప్పాడు. ఆమె వచ్చి తనవైపు తిప్పుకుంది. "మాకు కనపడకుండా ఏం రాస్తాండావు బూబమ్మా?" అంటూ వచ్చినవాళ్లు వచ్చినట్టే పక్క టైపు దుకాణానికి పోయారు. రెండో స్క్రీన్ కొనడానికి చేతిలో ఏమీ లేదు. ఓర్పు గొప్ప గుణమనేవాళ్లు ఆ కుర్చీలో ఒక పూట కూర్చుని చూడాలి. ఎనిమిదో రోజు ఆమె స్క్రీన్‌ను మళ్లీ జనంవైపు తిప్పేసింది. స్కానింగుకు తెచ్చిన అప్పులో ఇంకా నాలుగువేలు కట్టాలి.