చొక్కా చేతి మీద కాకి

మార్వెల్లా టిడ్‌వెల్‌కి మనిషి మొహం కంటే ముందు చొక్కా చెయ్యి కనపడుతుంది. అమెరికాలోని నార్‌ఫోక్ నౌకాస్థావరం గేటుకి ఎదురుగా ఉన్న దర్జీ దుకాణంలో ఆమె ఏళ్ల తరబడి కుడుతున్నది ఆ చేతులనే. నల్లటి యూనిఫాం ఎడమ చేతి మీద రెక్కలు చాచిన డేగ ఉంటుంది. దాన్ని నావికులంతా కాకి అంటారు. కాకి కింద చేసే పనిని చెప్పే చిన్న బొమ్మ, దాని కింద హోదా గీతలు. కుర్రాళ్లు ఆ గుర్తుని గుప్పిట్లో పెట్టుకుని పరుగెత్తుకుంటూ వస్తారు. వంకర లేకుండా కుట్టించుకుని, అద్దంలో మోచేతిని అటూ ఇటూ తిప్పి చూసుకుని వెళ్తారు.

మర్నాడు వాళ్లలో కొందరు చొక్కా చిరిగిపోయిందని తిరిగొస్తారు. కొత్త కాకి వచ్చిన చేతిని పాతవాళ్లు వరసగా పిడికిళ్లతో గుద్దుతారు. చెయ్యకూడదని పైవాళ్లు ఎప్పుడో ఆదేశించారు, అయినా చేస్తూనే ఉంటారు. మార్వెల్లా చొక్కా విప్పించి, కమిలి నల్లబడిన ఆ చేతిని చూసి, “ఇదేనా మీ అభినందన” అని మొహం చిట్లిస్తుంది. కుర్రాడు నవ్వుతాడు. ఆ నవ్వు చూస్తే ఆమెకి ఇంకా రోత.

ఆమె భర్త వెండెల్ ఓడలో చీఫ్, అంటే ఒక విభాగం కుర్రాళ్ల మీద పెద్ద. ఉక్కు అతికించడం, గొట్టాలు బాగుచెయ్యడం అతని విభాగం పని. గొట్టాలంటే ఎక్కువగా మరుగుదొడ్లవే. ఉప్పునీరూ మూత్రమూ కలిస్తే గొట్టం లోపల రాయిలా పేరుకుంటుంది. దాన్ని యాసిడ్ పోసి కరిగించాలి, కరగకపోతే కొట్టి రాల్చాలి. పెళ్లయిన కొత్తలో ఒక అధికారి ఇంటి తేనీటి విందుకి మార్వెల్లా వెళ్లింది. అక్కడ భార్యల్ని భర్తల హోదా వరసలో కూర్చోబెట్టారు. ఆమెకి దక్కింది తలుపు పక్క కుర్చీ. పక్కనున్నావిడ, “మీ ఆయన ఏం చేస్తాడు?” అని అడిగింది. మార్వెల్లా ఉన్నదున్నట్టు చెప్పింది. ఆవిడ తన కేకు పళ్లేన్ని మెల్లగా అవతలికి జరుపుకుంది.

ఆ పళ్లెం జరగడం మార్వెల్లా మర్చిపోలేదు. కొత్తగా ఓడకి వచ్చినవాళ్ల భార్యలకి నెలకోసారి చర్చి హాల్లో పాఠం చెప్పడం అందుకే మొదలుపెట్టింది. హోదా అంటే ఏమిటి, పని విభాగం అంటే ఏమిటి, జీతం దేన్ని బట్టి వస్తుంది అన్నవే పాఠాలు. బోర్డూ సుద్దముక్కా ఉండవు. ఒక పాత చొక్కా చేతిని కత్తిరించి తెస్తుంది, దానికి గుర్తులు పిన్నులతో గుచ్చుతుంది, తీస్తుంది.

ఆ నవంబరు చివర్లో హాలు నిండింది. పై హోదా పరీక్ష ఫలితాలు వచ్చిన వారం అది.

“ఈ గీతలు హోదా. ఈ బొమ్మ పని. మణికట్టు దగ్గర ఏటవాలు గీతలు ఎన్నేళ్లు చేశాడో చెబుతాయి” అంది మార్వెల్లా. “మూలజీతం హోదానీ ఏళ్లనీ చూస్తుంది. బొమ్మని చూడదు.”

“అంటే మిస్ మార్వెల్లా, వంటవాడికీ రాడార్ చూసేవాడికీ ఒకటేనా?” అంది ముందు వరసలో ఒక పిల్ల. పెళ్లయినా పెద్దావిణ్ణి అక్కడ మర్యాదకి మిస్ అనే అంటారు.

“హోదా, ఏళ్లూ సమానమైతే మూలజీతం ఒకటే. సముద్రం మీద ఉన్నందుకు, కొన్ని కష్టమైన పనులకి, పైన వేరే కలుస్తుంది.”

“మా ఆయన వంటవాడే” అంది వెనక వరసలోంచి ఒకామె. “గుడ్ల పొడితో వేసే ఆ అట్టు తిన్నవాళ్లకి ఇవ్వాలి ఆ కష్టం డబ్బులు.”

హాలంతా నవ్వింది. మార్వెల్లా కూడా నవ్వి, అసలు సంగతికి వచ్చింది. నేవీలో ఫ్రాకింగ్ అనే ఆచారం ఒకటుంది. పరీక్ష నెగ్గినవాడికి పై హోదా గుర్తు వెంటనే తొడుగుతారు. అందరూ ఆ హోదాతోనే పిలుస్తారు, ఆ హోదా పని చేయిస్తారు. జీతం మాత్రం పాతదే. జనవరి నుంచి జూన్ దాకా, వరసలో తన వంతు వచ్చిన నెలలోనే అది మారుతుంది. ఇంటద్దె భత్యం కూడా అంతే.

సరిగ్గా ఆ మాట చెబుతున్నప్పుడు టాన్సీ విట్‌లాక్ హాల్లో లేదు. పాప దగ్గుతుంటే భుజాన వేసుకుని బయట వరండాలో తిరుగుతోంది. ఓక్లహోమా నుంచి వచ్చిన పిల్ల, ఇంకా ఇరవై దాటలేదు. భర్త కోల్బీ వెండెల్ కింద పనిచేసే కుర్రాడు. ఆ వారమే అతని చేతి మీద రెండో గీత మార్వెల్లా కుట్టింది. పాప పేరు ఐవీ, ఊపిరి తీస్తే చిన్న ఈల వినపడుతుంది. ప్రతి బుధవారం నది కింది సొరంగం దాటి పోర్ట్స్‌మత్ ఆస్పత్రికి తీసుకెళ్లాలి. మొన్న వెళ్తుంటే పాత కారు సొరంగం మధ్యలో ఆగిపోయింది. ముందూ వెనకా లారీల పొగ. లాక్కెళ్లే బండి వచ్చేదాకా టాన్సీ పాప మొహాన్ని తన కోటు లోపల దాచి, ఆ ఈలని వింటూ కూర్చుంది.

డిసెంబరు మొదట్లో ఓడ వెళ్లిపోయింది. వెండెల్, కోల్బీ ఇద్దరూ దాని మీదే ఉన్నారు. ఆ శనివారం పొద్దున టాన్సీ దుకాణానికి వచ్చి, కారు కొనడానికి తోడు రమ్మంది. “రెండు గీతలు వచ్చాయిగా మిస్ మార్వెల్లా. ముందేమీ కట్టక్కర్లేదన్నారు.”

“ఎవరన్నారు?”

“మిస్టర్ హార్క్‌లెస్.”

మార్వెల్లా కత్తెర కింద పెట్టింది.

రాయిస్ హార్క్‌లెస్ నేవీలో చీఫులకి పై మెట్టైన మాస్టర్ చీఫ్‌గా చేసి దిగిపోయి, గేటుకి కాస్త దూరంలో కార్లు అమ్ముతున్నాడు. ముందు బంగారు రంగేసిన లంగరు, దాని పక్కన దుప్పటంత జెండా. శనివారాల్లో వచ్చినవాళ్లకి హాట్‌డాగ్‌లు ఉచితం. నిన్నటి నూనె వాసనా, అతను పూసుకున్న అత్తరు వాసనా కలిసి గేటు దగ్గరే మొహాన కొట్టాయి. ఇరవై ఏళ్లు వెండెల్ బట్టలు ముక్కు మూసుకోకుండా ఉతికిన మార్వెల్లా అక్కడ రుమాలు తీసి ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

“ఎవరూ, మార్వెల్లానా. మావాడు ఎలా ఉన్నాడు? ఇంకా ఊళ్లోవాళ్ల పెంట ఎత్తుతూనే ఉన్నాడా?”

“ఎత్తుతున్నాడు. తర్వాత చేతులు కడుక్కుంటాడు మరి.”

హార్క్‌లెస్ పగలబడి నవ్వి టాన్సీ వైపు తిరిగాడు. బల్ల మీద కాగితాలు సిద్ధంగా ఉన్నాయి. తన తరఫున సంతకం చెయ్యమని కోల్బీ ఓడెక్కే ముందు ఇచ్చిన అధికారపత్రం కూడా వాటి పక్కనే ఉంది. కలం టాన్సీ చేతికి వచ్చేసింది.

“జీతం చీటీ చూశావా రాయిస్?” అంది మార్వెల్లా.

“చీటీ ఎందుకు? ఫొటో చూపించింది. చేతి మీద రెండు గీతలు. ముప్ఫై ఏళ్లు చేశాను, ఆ మాత్రం లెక్కపెట్టడం రాదా?”

“జీతం ఎప్పుడు మారుతుందట?”

“అదెంతలో వస్తుంది.”

“జూన్‌లో కూడా రావచ్చు. నీకు తెలుసు.”

టాన్సీ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. “జీతం మారలేదా? గీత కుట్టారుగా. మీరే కుట్టారుగా మిస్ మార్వెల్లా.”

“కుట్టాను. నా దారానికి నేవీ జీతమివ్వదమ్మా. ఈ నెల నీ ఖాతాలో పడేది పాత జీతమే. ఈయన లెక్కేసింది కొత్తదాని మీద.”

టాన్సీ మెడ మీద ఎర్రగా మచ్చలు లేచాయి. “మరి బుధవారం పాపని ఎలా తీసుకెళ్లను? మళ్లీ సొరంగంలో ఆగితే?”

“అదీ మాట” అన్నాడు హార్క్‌లెస్ మెత్తగా. “బిడ్డ ఊపిరి ముందా, తేదీలు ముందా? నువ్వే చెప్పు తల్లీ.” చెయ్యి చాచి, కెచప్ అంటిన వేలితో ఐవీ బుగ్గ నిమిరాడు. టాన్సీ పాపని వెనక్కి లాక్కుంది.

మార్వెల్లా కాగితాలు తన వైపు జరుపుకుంది. “కట్టలేకపోతే ఏం చేస్తావు?”

“మింగేస్తానా? మనవాళ్లేగా. ఓడకి ఒక్క మాట పంపితే వెండెల్ చూసుకుంటాడు. కుర్రాణ్ణి పక్కకి పిలిచి నాలుగు మాటలని, నా బాకీ కట్టిస్తాడు. ఎప్పుడూ చేసేదే.”

“ఎప్పుడూనా?”

“నీకు చెప్పలేదా?” హార్క్‌లెస్ నిజంగానే ఆశ్చర్యపోయాడు. “చీఫుల మధ్య ఇవన్నీ మామూలే. మరి వాడికి ఆ ట్రక్కు అంత చవగ్గా ఇచ్చింది ఊరికేనా?”

అన్నం బల్ల దగ్గర వెండెల్ అనే మాట ఆమెకి గుర్తొచ్చింది. ఇవాళ ఒక కుర్రాడికి బాధ్యత నేర్పానని చెప్పి, బంగాళాదుంపలు ఇంకొంచెం వెయ్యమనేవాడు. ఆమె వడ్డించేది. దుకాణంలో కాకి కుట్టించుకుని, ఆర్నెల్లకి మొహం చాటేసిన కుర్రాళ్లు ఒక్కొక్కరే కళ్లముందుకు వచ్చారు. అన్నేళ్లూ హాల్లో తాను చెప్పిందొకటి, ఓడలో తన మొగుడు చేసిందొకటి.

“కలం కింద పెట్టు” అంది టాన్సీతో. “బుధవారం సంగతి నేను చూస్తాను.”

“ఎలాగ?”

“పెడితే చెబుతాను.”

టాన్సీ ఐవీ మొహంలోకి చూసింది, తర్వాత బుగ్గ మీద ఎర్రటి మరక చూసింది. కలం పెట్టేసి, పాప బుగ్గని తన చొక్కా అంచుతో తుడిచి, అధికారపత్రం సంచిలో వేసుకుంది.

“రేపు కూడా తెరిచే ఉంటుంది తల్లీ” అన్నాడు హార్క్‌లెస్. ఇద్దరూ అప్పటికే గేటు దాటేశారు.

మార్వెల్లా ఇంటి ముందు వెండెల్ ట్రక్కు పరదా కప్పుకుని ఉంది. అతను లేనప్పుడు దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. ఆమె పరదా లాగి పక్కన పడేసింది. వెనక నంబరు పలక చుట్టూ హార్క్‌లెస్ పేరున్న చట్రం కనపడింది. స్క్రూడ్రైవర్ తెచ్చి దాన్ని విప్పి చెత్తడబ్బాలో వేసింది. తలుపు తెరిస్తే లోపల వెండెల్ పాత పనిబూట్లు. మురుగు టాంకు వాసన.

“పాపకి పడదు ఇది” అంటూ బూట్లు బయటికి తీసింది. సీట్లు నీళ్ల గొట్టంతో కడిగి, ఆరేదాకా నాలుగు తలుపులూ తెరిచిపెట్టింది. పాప కుర్చీని వెనక సీట్లో వెనక్కి తిప్పి కట్టి, మోకాలితో నొక్కి బెల్టు బిగించింది. టాన్సీ దాన్ని పట్టి లాగి చూసింది. కదల్లేదు. నమ్మకం చాలక ఇంకోసారి లాగింది.

“చీఫ్ ఏమీ అనరా?”

“అంటాడు. వచ్చాక అనమను.”

ట్రక్కు వీధి మలుపు తిరిగాక మార్వెల్లా ఓడకి ఈమెయిల్ రాసింది. “నీ ట్రక్కు విట్‌లాక్ వాళ్ల దగ్గరుంది. కోల్బీ జీతం మారేదాకా అక్కడే ఉంటుంది. రాయిస్ నుంచి మాట వస్తే ఏం చెప్పాలో ఆలోచించుకో. నేను చెప్పాల్సింది వచ్చే నెల హాల్లో, అతని పేరూ నీ పేరూ చెప్పి చెబుతాను.”

పంపేసి బయటికొచ్చింది. గడప పక్కన బూట్లు ఉన్నాయి. వెండెల్ ఇంటికొచ్చిన ప్రతిసారీ వాటిని ఒట్టి చేతుల్తో తోమినది తనే. రెండు వేళ్లతో తాళ్లు పట్టుకుని ఎత్తి, పెరటి కంచె దాకా తీసుకెళ్లి అక్కడ వదిలేసింది. సాయంత్రం వాన పట్టింది. కిటికీలోంచి చూసింది గానీ వాటిని లోపలికి తీసుకురాలేదు.