గడ్డి కింద మిరప బోదెలు

మా ఆయన లెక్కల లెక్చరర్‌గా రిటైరై ఆరేళ్లయింది. కాలేజీ వదిలారు గానీ లెక్కలు వదల్లేదు. పప్పు ఎంత నానాలో, నాలుగు బట్టలు ఏ తీగ మీద ఆరేస్తే త్వరగా ఆరతాయో కూడా కాగితం మీద వేసి చూపిస్తారు. ఆయనతో వాదించి గెలిచిన పాపాన నేనెప్పుడూ పోలేదు. అందుకే గడ్డి కోసే లాన్ ట్రాక్టర్ కొనేటప్పుడు కూడా, సరే, ఆయనకే తెలుస్తుందిలే అని ఊరుకున్నాను. నా బుద్ధి గడ్డి తిని ఊరుకున్నాను.

గుంటూరు నుంచి సత్తెనపల్లి వెళ్లే రోడ్డు పక్కన మాకు మూడెకరాల మిరప చేను ఉండేది. చుట్టుపక్కల కాలేజీలూ అపార్ట్‌మెంట్లూ లేచాక, మేము కూడా ఒక ఎకరంలో ఫంక్షన్ హాలు కట్టి, మిగతా రెండెకరాల్లో గడ్డి వేయించాం. పెళ్లి ఎంత ఏసీ హాల్లో చేసినా, రిసెప్షన్ మాత్రం లాన్‌లోనే కావాలంటున్నారు అందరూ. మొదటి పెళ్లి ముహూర్తం ముంచుకొస్తుంటే హడావుడిగా మిరప మోళ్లు పీకించి, పైపైన దున్నించి, గడ్డి పరిపించేశాం. చదును చేశామనే అనుకున్నాం.

ఆ గడ్డిని చూసుకునేది బాబాయ్. సొంత బాబాయ్ కాదు. నేను కాపురానికి వచ్చేనాటికే ఆ చేలో పనిచేస్తున్న మనిషి. అప్పట్లో ఎడ్లు కట్టి, సాళ్ల మధ్య కలుపు తీసే గుంటక తోలేవాడు. చేను లాన్ అయ్యాక గుంటక వదిలి గడ్డి కోసే మిషన్ పట్టుకున్నాడు. నడుచుకుంటూ తోసే మిషన్ అది. రెండెకరాలూ తోసేసరికి రెండు రోజులు పట్టేది. తోయడం అయ్యేలోపు మొదట కోసిన చోట మళ్లీ పెరిగేది.

నిరుడు చలికాలంలో బాబాయ్ మోకాళ్లు వాచాయి. ఒక రోజు మిషన్ మధ్యలో ఆపి, నా దగ్గరికి కుంటుకుంటూ వచ్చాడు.

"అమ్మా, ఇంక నావల్ల కాదు. ఉగాది దాకా ఎట్టాగో లాక్కొస్తాను. ఆ తర్వాత వేరే మనిషిని చూసుకోండి."

గడ్డి కోసే మనిషి దొరకడా అంటే దొరుకుతాడు. కానీ ఆ నేలలో ఏ మూల నీళ్లు నిలుస్తాయో, ఏ మూల పాములు తిరుగుతాయో తెలిసినవాడు బాబాయ్ ఒక్కడే. పైగా, పొద్దున్నే వచ్చి గేటు తీస్తూ "అమ్మా, కాఫీ అయిందా?" అని అడిగే మనిషి. బాబాయ్ వెళ్లిపోతే ఆ చేను నాకు పరాయిదైపోతుందనిపించింది. ఆ పూట అన్నం కూడా సయించలేదు.

అప్పుడు తట్టింది నాకు, కూర్చుని నడిపే మిషన్ కొంటే సరిపోతుంది కదా అని. బెజవాడ షోరూంలో చూశాం. చిన్న ట్రాక్టర్ లాగే ఉంది. సీటు, స్టీరింగు, కింద బోర్లించిన రేకు పళ్లెం, దాని లోపల తిరిగే కత్తులు. ఆ పళ్లేన్ని డెక్ అంటారట. ముప్పై ఎనిమిది అంగుళాలది, నలభై రెండుది, యాభై నాలుగుది ఉన్నాయి, ఏది కావాలన్నాడు షోరూం అబ్బాయి. మా ఆయన అప్పటికే జేబులోంచి కాగితం తీశారు. డెక్ ఎంత వెడల్పయితే అన్ని చుట్లు తగ్గుతాయి, అంత త్వరగా పని అయిపోతుంది, అంత తక్కువ సేపు బాబాయ్ ఎండలో ఉంటాడు. లెక్క కడిగిన ముత్యంలా ఉంది. యాభై నాలుగే ఖాయం చేశారు.

ఇంటికొచ్చాక ఫోన్లో ఫొటో చూపిస్తే బాబాయ్ కళ్లు చికిలించి చూశాడు.

"బాగుంది మాస్టారూ. కానీ ఇంత వెడల్పుది మన నేల మీద నడుస్తదంటారా? గుంటకైనా సాలుని బట్టే కదా తెచ్చుకునేవాళ్లం."

"ఇది గుంటక కాదయ్యా," అన్నారు మా ఆయన. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

బండి వచ్చిన రోజు బాబాయ్ ఉతికిన తెల్ల పంచె కట్టుకొచ్చాడు. బండికి పసుపూ కుంకుమా పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టాడు. సీటెక్కి కూర్చుని, పెళ్లికొడుకులా ఒకసారి అటూ ఇటూ చూసి, బయల్దేరాడు. మేమిద్దరం చప్పట్లు కొట్టాం. అరగంటలో చప్పట్లు కొట్టిన చేతులే నెత్తిన పెట్టుకున్నాం. బండి వెళ్లినచోటల్లా గడ్డి మధ్యలో బోడి చారలు. ఒక్కోచోట మట్టి దాకా గీరేసింది. కత్తులు పైకి లేపితే ఇంకోచోట గడ్డి కోయకుండా వదిలేసింది. నాలుగు రోజుల్లో రిసెప్షన్ ఉంది.

బాబాయ్ బండి ఆపి దిగాడు. మొహం నల్లబడిపోయింది.

"నాకు చేతకాలేదమ్మా. ఈ వయసులో నాకెందుకు ఇయ్యన్నీ? పాడు చేసి పెట్టాను."

నేనేదో చెప్పబోయాను. వినకుండా వెళ్లిపోయాడు. మర్నాడు పొద్దున ఎనిమిదైనా గేటు తీయలేదు ఎవరూ. నేనే వెళ్లి తీశాను. ఏడుపొచ్చింది.

ఆ ఏడుపు మా ఆయనకి కనబడకూడదని హాలు మేడెక్కాను. పైనుంచి చూస్తే తెలిసింది. బోడి చారలు ఎలా పడితే అలా లేవు. అన్నీ తిన్నగా, ఒకే ఎడంతో, రోడ్డు వైపు నుంచి బావి వైపుకి. నాకు కళ్లు మూసుకున్నా తెలిసిన ఎడం అది. ఎత్తుగా పోసిన ఒక్కో వెడల్పు మట్టి బోదె మీద రెండు వరుసల మిరప, బోదెకీ బోదెకీ మధ్య నీటి కాలువ. మేం దున్నించామనుకున్న మా మిరప బోదెలు గడ్డి కింద అలాగే పడుకుని ఉన్నాయి.

"ఏవండీ, ఒకసారి పైకి రండి," అని అరిచాను. వచ్చారు. చూశారు. తర్వాత టేపు తీసుకుని కిందికి వెళ్లి, గడ్డిలో మోకాళ్ల మీద కూర్చుని కొలిచారు. డెక్ బోదె కంటే వెడల్పు. డెక్ అంచుల కింద ఉండే చిన్న చక్రాల్లో ఒకటి బోదె మీద ఉంటే రెండోది కాలువలోకి దిగుతోంది. డెక్ వాలిపోయి, కత్తి అంచు బోదెని చెక్కేస్తోంది.

స్కూటర్ తీసి నల్లపాడులో బాబాయ్ ఇంటికి వెళ్లాం. బాబాయ్ అరుగు మీద కూర్చుని మోకాళ్లకి నూనె రాసుకుంటున్నాడు. మమ్మల్ని చూసి లేవబోయాడు. మా ఆయన భుజం పట్టి కూర్చోబెట్టారు.

"తప్పు నీది కాదు. నాది. నేను డెక్ కొలిచాను గానీ నేల కొలవలేదు. నువ్వు చెబితే విననూ లేదు."

ముప్పై నాలుగేళ్ల కాపురంలో ఆ నోట "తప్పు నాది" అనే మాట నేను వినడం అదే మొదలు. బాబాయ్ లోపలికి వెళ్లి చొక్కా వేసుకొచ్చాడు.

లాన్‌లో బాబాయ్ పొడవాటి చెక్క ఒకటి తెప్పించి, మూడు డెక్కుల సైజులకీ మూడు ముక్కలు కోయించాడు. ఒక్కో ముక్కనీ బోదె మీద అడ్డంగా పెట్టి చూశాడు. పెద్దది కాలువ మీదికి వేలాడింది. నడిపిది అంచుకొచ్చి ఊగింది. చిన్నది కదలకుండా కూర్చుంది. "ఇదీ," అన్నాడు. షోరూం వాళ్లు గొణిగారు గానీ, అదే బండికి చిన్న డెక్ మార్చడానికి ఒప్పుకున్నారు. పది రోజులు పడుతుందన్నారు.

ఈలోపు రిసెప్షన్ ఆగదు కదా. బోడి చారల మీద చాట్ కౌంటర్లూ ఐస్‌క్రీం బల్లలూ పెట్టించాం. మిగిలిన గడ్డిని పాత మిషన్‌తో మా ఆయనా నేనూ తోశాం. బాబాయ్ కుర్చీలో కూర్చుని "మాస్టారూ, ఎడమకి, ఎడమకి" అంటూ తోలించాడు. గంట తోసేసరికి మా ఆయన ఆ గడ్డిలోనే వెల్లకిలా పడుకున్నారు. బాబాయ్ ఇన్నేళ్లూ ఏం చేశాడో ఆ రోజు మాకు నడుముల్లో తెలిసింది.

చిన్న డెక్ వచ్చేసరికి ఉగాది రానే వచ్చింది, వెళ్లింది. బాబాయ్‌ని ఉంటావా, మానేస్తావా అని అడగడానికి నాకు ధైర్యం చాల్లేదు. పొద్దున్నే వచ్చాడు, బండెక్కాడు, ఒక బోదె ఈ చివర నుంచి ఆ చివర దాకా కోసుకుంటూ వెళ్లి తిరిగొచ్చాడు. ఎక్కడా మట్టి తేలలేదు. మా ఆయన మాత్రం కాగితం పట్టుకుని నొచ్చుకుంటూ ఎదురెళ్లారు.

"దీంతో అయితే గంటన్నర ఎక్కువ పడుతుందయ్యా, ప్రతిసారీ."

"పట్టనీయండి మాస్టారూ," అన్నాడు బాబాయ్, సీటు మీంచి దిగకుండానే. "ఈ నేల మీద ఇన్నేళ్లూ నిలబడి చేశాను. ఇక నుంచి కూర్చుని చేయనీయండి."