పదీ ఇరవై లేని లెక్క

ముప్పై ఒక్క ఏళ్ళు భిలాయి కార్ఖానాలో పనిచేసి రిటైరైన దక్షిణామూర్తి ఇంటికి తెచ్చుకున్నవి రెండు: ఒక గోడ గడియారం, ఒక గొప్ప. గడియారం ఏడాది తిరక్కుండానే ఆగిపోయింది. గొప్ప మాత్రం నడుస్తూనే ఉంది. "నా సర్వీసు మొత్తమ్మీద ఒక్కనాడు కూడా తప్పు ఓవెన్ తొయ్యలేదు" అన్నదే ఆ గొప్ప. దాన్ని ఆయన పెళ్ళి పందిళ్ళలో చెప్పాడు, ఆసుపత్రి వరసలో నిలబడి చెప్పాడు, ఒకసారి దుర్గ్ స్టేషన్లో టికెట్ కలెక్టరుకు కూడా చెప్పాడు. ఆ పెద్దమనిషి ఓపిగ్గా విని, "వో సబ్ ఠీక్ హై, టికట్ దిఖాయియే" అని టికెట్ కోసం చెయ్యి చాచాడు.

కోక్ ఓవెన్లంటే అలమరలో పుస్తకాల్లా పక్కపక్కనే నిలబెట్టిన ఇరుకైన గదులు. లోపల బొగ్గు గంటల తరబడి ఉడికి కోక్ అవుతుంది. ఉడికిన గదికి రెండు వైపులా తలుపులు తీస్తే, పుషర్ అనే బండి ఈ వైపు నుంచి పొడవాటి చెయ్యి పెట్టి ఎర్రటి కోక్‌ని ఆ వైపుకి తోసేస్తుంది. ఆ బండి నడిపింది దక్షిణామూర్తే. నంబరు చూసుకోకుండా ఉడకని గదిని తోశాడా, పచ్చి బొగ్గు మండి, టౌన్‌షిప్ సెక్టర్లన్నిటికీ కనబడేంత పొగ లేస్తుంది. ఆ పొగ కింద తోసినవాడి పేరు రిపోర్టులోకి ఎక్కుతుంది. దక్షిణామూర్తి పేరు ఎక్కలేదు.

అలాంటి మనిషి, రిటైరైన మరుసటేడు వినాయక చవితికి ముందురోజున, సొంతింట్లో, కూతురు ఛాయ కంప్యూటర్లో, తప్పు ఓవెన్ తోశాడు.

దీనికి మొదలు ఖుర్సీపార్ గేటు దగ్గరి టీ దుకాణంలో పడింది. ఇనుము కరిగించే బ్లాస్ట్ ఫర్నేస్‌లో చేసి రిటైరైన గురునాథరావూ ఈయనా రోజూ అక్కడే కలుస్తారు. కోక్ లేకపోతే ఫర్నేస్ ఏటి తింటాదని ఈయనా, ఫర్నేస్ లేకపోతే కోక్ ఎవడిక్కావాలని ఆయనా ముప్పై ఏళ్ళుగా వాదించుకుంటున్నారు. ఇద్దరి మాటా నిజమే కాబట్టి వాదన తెగలేదు.

"మా అల్లుడు కొత్త కంప్యూటర్ కొన్నాడోయ్ మూర్తీ. స్పీడు నాలుగొందల యాభై," అన్నాడు గురునాథరావు, తనే పురుడు పోసినట్టు.

"మాదీ నాలుగొందల యాభైయే."

"మూడొందలని మీ ఛాయే సెప్పింది కదేటి?"

"పైకి మూడొందలు. లోపల ఇంకో నూటయాభై పడుకునుంది. లేపాలంతే."

"అయితే లేపు. ఆదివారం నాలుగ్గంటలకి నానొస్తాను. లేస్తే అభినందన టీ, పోతే పరామర్శ టీ. ఏదైనా పంచదార తక్కువెయ్యమను."

లేపడం ఎలాగో దక్షిణామూర్తి గాలిలోంచి తియ్యలేదు. ఛాయ తెచ్చుకునే కంప్యూటర్ పత్రికలో ఒక పాఠకుడి ఉత్తరాన్ని నిఘంటువు పక్కన పెట్టుకుని మూడుసార్లు చదివాడు. ఆయనకి అర్థమైనది ఇది. చిప్పు తనంతట తాను పరిగెత్తదు. అది కూర్చున్న బోర్డు నాట్యానికి వేసినట్టు తాళం వేస్తుంది, ఒక్కో తాళానికీ చిప్పు నాలుగున్నర అడుగులు వేస్తుంది. అరవై ఆరు లెక్కన తాళం పడితే అడుగులు మూడు వందలు. అదే వంద లెక్కన పడితే నాలుగు వందల యాభై. ఖరీదైన బోర్డుల్లో ఈ తాళం మార్చుకునే ఏర్పాటు ఉంటుంది. ఛాయ బోర్డులో లేదు. సెట్టింగుల పేజీ తెరిస్తే తేదీ మార్చుకోవచ్చు, టైము మార్చుకోవచ్చు, ఫ్లాపీ ఉందో లేదో చెప్పుకోవచ్చు. మిగతా అన్నిటికీ అది మధ్యాహ్నం భోజనాల వేళ సర్కారు కిటికీలాంటిది.

అయితే ఆ బోర్డు తాళం ఎంత వెయ్యాలో చిప్పునే అడుగుతుందట. చిప్పు ఒకే ఒక పిన్నుతో "అరవై ఆరు" అని జవాబిస్తుందట. ఆ పిన్ను నోరు మూసేస్తే, జవాబు రాక, బోర్డు వందే అనుకుంటుంది. మూయడానికి గోళ్ళరంగు చుక్క చాలు. చిప్పు పలకకి బి వైపున, ఇరవై ఒకటో పిన్ను.

'ఏ' వైపు, 'బి' వైపు! ఓవెన్లకీ పుషర్ వైపు, కోక్ వైపు అని రెండే వైపులు. దక్షిణామూర్తికి ఆ ఉత్తరం తన కోసమే రాసినట్టు తోచింది.

ఛాయ మాత్రం ఒప్పుకోలేదు. పాలిటెక్నిక్ చదివి, ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక ఫ్యాబ్రికేషన్ షాపుకి ఇంట్లోనే డ్రాయింగులు గీసి ఇస్తోంది. రెండేళ్ళుగా ఆమె గీసినవన్నీ ఇంకెవరి పేరుతోనో పోయాయి. ఈసారి మాత్రం పదకొండు షీట్ల కన్వేయర్ పని పూర్తిగా ఆమెకే ఇచ్చి, షీటు మూలనుండే గడిలో "గీసినవారు" అన్నచోట ఆమె పేరే వేసుకోమన్నారు. మంగళవారం పొద్దున్నకల్లా అందాలి. అందకపోతే పనీ పోతుంది, ఆ గడిలో పేరూ పోతుంది. ఇంకా ముప్పై బొమ్మలున్నాయి. వెనక దాగి కనబడకూడని గీతలు చెరిపి ఒక్కో బొమ్మని తేల్చడానికి ఆ మూడొందలకి గంట పడుతోంది.

"నాన్నా, మంగళవారం దాకా దాన్ని ముట్టుకోవద్దు. హాథ్ భీ మత్ లగానా," అంది ఛాయ.

"ముట్టుకోనమ్మా," అన్నాడు దక్షిణామూర్తి. ఆ మాట అన్నప్పుడు ఆయన నిజంగానే ముట్టుకోదల్చుకోలేదు. తన గురించి తనకున్న మంచి అభిప్రాయాల్లో ఇదీ ఒకటి.

ఆదివారం మధ్యాహ్నం పాత ఫ్లాపీలు పనిచెయ్యడం లేదని ఛాయ పవర్‌హౌస్ బజారుకి వెళ్ళింది. గీసిందంతా ఆ పెట్టెలోనే ఉంది, ఇంకెక్కడా కాపీ లేదు. ఆ సంగతి దక్షిణామూర్తికి తెలుసు. గురునాథరావు నాలుగ్గంటలకి వస్తాడనీ తెలుసు. రెండు తెలివిడుల్లో ఏది బరువైనదో మనిషికి ఎప్పుడూ ఆలస్యంగానే తెలుస్తుంది.

పెట్టె మూత విప్పాడు. చిప్పు పలకని గాడిలోంచి పైకి లాగాడు. పలక అంచున బంగారపు పూతతో సన్నని పిన్నులు, అచ్చం కార్ఖానాలో ఓవెన్ తలుపుల్లా, బారులు తీరి ఉన్నాయి. భూతద్దం పెట్టి, అగ్గిపుల్ల కొనతో లెక్కపెట్టాడు. ఏడు, ఎనిమిది, తొమ్మిది, పదకొండు, పన్నెండు... ఇరవై ఒకటి. ఛాయ గులాబీరంగు సీసాలోంచి ఒక్క చుక్క. ఆరే వరకూ ఊదాడు. ఊదుతూంటే పుషర్ క్యాబిన్‌లో కూర్చున్న రోజులు గుర్తొచ్చి ఛాతీ కొంచెం పెరిగింది కూడా.

బిగించి స్విచ్ వేశాడు. తెర వెలిగింది. మూడు వందలు.

ఆర్పి మళ్ళీ వేశాడు. మూడు వందలు. సెట్టింగుల పేజీ తెరిచి, చెయ్యడానికి ఇంకేమీ లేక, తేదీ సరిచూశాడు. తేదీ కరెక్టుగానే ఉంది.

అప్పుడే గుమ్మంలో చెప్పుల చప్పుడైంది. మూత లేని పెట్టె, గులాబీరంగు వేలు, తండ్రి మొహం, ఈ మూడింటినీ ఛాయ అదే వరసలో చూసింది.

"క్యా కియా నాన్నా?"

"నానేటి సేసినాను? ఏటీ అవ్వలేదు."

"అవ్వలేదంటే, చేశావన్నమాట!"

ఆమె కుర్చీ లాక్కుని, డ్రాయింగ్ తెరిచి, కొత్త ఫ్లాపీలు ఒకటొకటిగా పెట్టి కాపీ చేసుకుంది. ఆ పది నిమిషాలూ దక్షిణామూర్తి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. తిట్టినా బాగుండుననిపించింది. ఆఖరి ఫ్లాపీ మీద పేరు రాసుకున్నాక ఆమె ఏడ్చింది, కొంచెమే. "ఇది పోయుంటే నా పేరు పోయేది నాన్నా. నీకేమో గురునాథం మామయ్య టీ ముఖ్యం."

ముప్పై ఒక్క ఏళ్ళలో లేవని పొగ ఇప్పుడు సొంత నడవలో లేచింది.

ముక్కు తుడుచుకుని ఛాయ ఆ పత్రిక అందుకుంది. రెండుసార్లు చదివింది. గోడ మీద క్యాలెండర్ చూసింది. మూడొందలతో అయితే ముప్పై గంటలు. పండగా నిద్రా మానేస్తేగానీ తెమలదు.

"ఎన్నో పిన్నుకి పెట్టావు?"

"ఇరవై ఒకటి. నా లెక్క తప్పదమ్మా."

"చూపించు."

పలక మళ్ళీ బయటికొచ్చింది. ఛాయ సూది మొనతో, స్కూల్లో నేర్చుకున్న హిందీలోనే లెక్కపెట్టింది. "...నౌ, దస్, గ్యారహ్..." గులాబీ చుక్క దగ్గర ఆగింది. "ఉన్నీస్. ఇది పంతొమ్మిది."

"కాదు. ఇరవై ఒకటి."

"పైకి లెక్కపెట్టు నాన్నా."

దక్షిణామూర్తి గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. "ఒకటి, రెండు... ఎనిమిది, తొమ్మిది, పదకొండు..."

"ఆగు. పది ఏదీ?"

"పదికి ఓవెన్ ఉండదు కదమ్మా," అన్నాడాయన, సూర్యుడు తూర్పునే కదమ్మా అన్నంత సహజంగా. అనేశాక నోరు తెరుచుకునే ఉండిపోయింది.

లెక్కల్లో అంకెలు దాటెయ్యడం మనుషులకి కొత్త కాదు. ధాన్యం కొలిచేవాళ్ళు మొదటి కుంచాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. ఏడు అంటే ఏడుపు గుర్తొస్తుందని ఆరున్నొక్కటి అంటారు. పెద్ద పెద్ద హోటళ్ళలో పదమూడో నంబరు గది ఉండదంటారు. అవన్నీ భయాలు. కోక్ ఓవెన్ల దగ్గర మాత్రం భయం లేదు, ఉన్నది వరస: తొయ్యాల్సిన వరసలు చివరి అంకెతో గుర్తుంటాయి కాబట్టి, సున్నాతో ముగిసే నంబరు ఏ ఓవెన్‌కీ ఇవ్వరు. తొమ్మిది పక్కన పదకొండు. పంతొమ్మిది పక్కన ఇరవై ఒకటి. రోజూ ఎనిమిది గంటలు అలా లెక్కపెట్టిన కళ్ళు, బారుగా నిలబడ్డది ఏది కనబడినా పదినీ ఇరవైనీ మింగేస్తున్నాయి.

ఛాయ మొదట నవ్వకూడదనుకుంది. తర్వాత కుర్చీలోంచి కిందకి జారిపోయింది. ఆ నవ్వుకి వంటింట్లోంచి తల్లి హైమవతి వచ్చింది, చేతినిండా బియ్యప్పిండితో. సంగతంతా విని ఆమె ఏ మాత్రం ఆశ్చర్యపోలేదు.

"అందుకేనా! ఏటేటా ఇరవై ఒక్క పత్రి తెమ్మంటే పంతొమ్మిదే ఉంటాయి. లెక్కెట్టే తెచ్చానంటారు ఈయన. పెరట్లోంచి రెండు ఆకులు తెంపి నేనే కలుపుతున్నాను ముప్పై ఏళ్ళుగా."

"సెప్పొచ్చు కదేటే!"

"ఎలా సెప్పేది? తప్పు ఓవెన్ తొయ్యలేదని ఊరంతా సెప్పుకునే మనిషి మీరు. పోనీలే, వినాయకుడు సర్దుకుంటాడని ఊరుకున్నాను."

దక్షిణామూర్తి మనసులో వినాయకుడికీ, ఇంకా అనేకమందికీ క్షమాపణ చెప్పుకున్నాడు. ఎవరెవరి దగ్గర ఎన్నెన్ని పదులు మింగాడో తల్చుకుంటే అది పెద్ద చిట్టా అయ్యేలా ఉంది.

ఛాయ గోళ్ళరంగు చెరిపే మందుతో పంతొమ్మిదో పిన్ను శుభ్రం చేసింది. "కాపీ తీశాను, ఇక పెట్టి చూద్దాం. కానీ లెక్క నాది, చుక్క నీది," అంది. ఆమె సూది ఇరవై ఒకటో పిన్ను మీద ఆపింది. ఆయన ఊపిరి బిగబట్టి రంగు పెట్టాడు. ఇద్దరూ కలిసి ఊదారు.

తెర మీద నాలుగు వందల యాభై వచ్చింది.

మొదటి బొమ్మ నలభై నిమిషాల్లో తేలింది. రెండోది సగంలో బిగుసుకుపోయింది. ఛాయ వేలితో తడిమి, "గరమ్ హో గయా," అంది. ఇలా బిగుసుకుపోతే చిప్పుకి కరెంటు కాస్త పెంచి ఇస్తే నిలుస్తుందట, ఆ వీలు ఆ బోర్డులో లేదు. వేడి సంగతి మాత్రం దక్షిణామూర్తికి వేరే ఎవరూ నేర్పక్కర్లేదు. పెట్టె మూత పక్కన పడేసి, స్టూలు మీద టేబుల్ ఫ్యాను ఎక్కించి, దాని మొహాన్ని చిప్పుకేసి తిప్పాడు. మళ్ళీ మొదలెడితే రెండో బొమ్మ తేలింది.

సరిగ్గా నాలుగ్గంటలకి గురునాథరావు వచ్చేసరికి ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ఫ్యాను కంప్యూటర్‌కి విసురుతోంది. దక్షిణామూర్తి బనీను తడిసి ముద్దయి, న్యూస్‌పేపర్‌తో విసురుకుంటున్నాడు.

"ఏటోయ్, లేచిందా?"

"లేచింది. నానే పడుకున్నాను."

అని, గురునాథరావు అడక్కముందే తప్పు పిన్ను కథంతా చెప్పేశాడు. దాచుకుందామనే అనుకున్నాడు కానీ, హైమవతి టీ కప్పులతో గుమ్మంలోకి వచ్చేసింది; ఆమె చెప్పేదాని కంటే తను చెప్పుకోవడమే నయమనిపించింది. గురునాథరావు టీ పొలమారి, అందులోంచే నవ్వి, "మరి ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసన్నావు, అందులో పదీ ఇరవై తీసేస్తే ఎన్నోయ్?" అన్నాడు.

చవితి పొద్దున్న పత్రి లెక్క ఛాయే చూసింది. మధ్యలో లేచి వెళ్ళి ఒక్కో బొమ్మా తేల్చుకుంటూ, సోమవారం సాయంత్రానికి ముప్పై పూర్తి చేసింది. మంగళవారం పొద్దున్న పవర్‌హౌస్ బజారులో షీట్లు ప్రింటు తీయించుకుని, తండ్రి స్కూటర్ వెనక కూర్చుంది. బయల్దేరేముందు దక్షిణామూర్తి షీట్ల చుట్టలన్నీ వేలితో ఒకటొకటిగా తాకాడు.

"పన్నెండూ ఉన్నాయమ్మా."

"నాన్నా."

ఆయన మళ్ళీ మొదలుపెట్టాడు. తొమ్మిది దగ్గర ఆగి, బజారులో నలుగురూ తిరిగి చూసేలా, "పది" అన్నాడు. ఆపైన నెమ్మదిగా, "పదకొండు."

ఫ్యాబ్రికేషన్ షాపులో షీట్లు తీసుకున్నారు. మూల గడిలో ఛాయ పేరు చూసి అక్కడివాళ్ళు ఏమీ అనలేదు. అనకుండానే తర్వాతి పని కాగితాలు చేతిలో పెట్టారు. ఇంటికొచ్చాక ఆమె చేసిన మొదటి పని, ఒక కాగితం మీద హిందీలో పెద్ద అక్షరాలు రాసి కంప్యూటర్ పెట్టెకి అంటించడం: "దస్ భీ హోతా హై." పది కూడా ఉంటుంది అని.

మర్నాడు గురునాథరావు అది చూసి, "ఇదేటోయ్, మంత్రమా?" అని అడిగాడు.

"అవును. ఈ వయసులో ఉపదేశం అయ్యింది," అన్నాడు దక్షిణామూర్తి, పేపర్‌తో విసురుకుంటూ. ఫ్యాను ఇంకా చిప్పుకేసే తిరుగుతోంది.