మగ్గం గుంతలో బొచ్చు పిల్లి

అమ్మ పాత ధర్మవరం చీర మడత విప్పితే, అంచు నేతలో తెల్ల వెంట్రుక ఇంకా ఉంది. మా బొచ్చు పిల్లిది.

మగ్గాల ఇళ్లలో పెరిగినవాళ్లారా, ఎండాకాలం మగ్గం గుంతలోని చల్లదనం గుర్తుందా? ఎనభైల్లో బెంగళూరు నుంచి మామ తెచ్చిన ఆ పిల్లి అక్కడే, గుంతలోకి కాళ్లు దించి నేసే నాయన పాదాల దగ్గర పడుకునేది.

నేతలో వెంట్రుక పడిందని షావుకారు ఈ చీరను తిప్పి పంపాడు. మర్నాడే నాయన పిల్లిని గోనెసంచిలో వేసి, దారి గుర్తుపట్టకుండా సంచిని మూడుసార్లు గిర్రున తిప్పి, కళ్యాణదుర్గం బస్సెక్కాడు.

"యాడ వదిలినావు నాయనా?"

"శెనక్కాయల మిల్లు కాడమ్మా. ఆడ ఎలుకలు శానా ఉండాయి. బతుకుతాది లే."

పాలన్నం తప్ప ఏదీ ముట్టని పిల్లి అది. ఎలుక కనిపిస్తే తనే దాక్కునేది. ఆ సంగతి నాయనకూ తెలుసు.

ఆ తర్వాత కూడా మగ్గంలో దిగేముందు రోజూ వంగి గుంతలోకి చూసి, కాలు మెల్లగా పెట్టేవాడు.