మగ్గం గుంత దాకా కరెంటు

ఎమ్మిగనూరులో మా పాత ఇల్లు పడగొట్టి స్లాబు వేసినప్పుడు నేలంతా పాలిషు బండలు పరిపించుకున్నాం. అంత నున్నటి నేలను పగలగొట్టి మగ్గం గుంత తవ్వడానికి నాకూ మనసొప్పలేదు, మా ఆయనకూ ఒప్పలేదు. వెనక దొడ్లో రేకుల షెడ్డు వేసి మగ్గాన్ని అక్కడికి మార్చాం. మార్చిన మర్నాడే తెలిసొచ్చింది, షెడ్డులో పట్టపగలే చీకటి, పైన రేకుల వేడికి మనిషి ఉడికిపోతాడు. లైటు కావాలి, ఫ్యాను కావాలి.

మా ఆయన వంటింటి కిటికీలోంచి ఒక వైరు లాగి, బట్టలారేసే తీగకు చుట్టుకుంటూ పోయి షెడ్డులోకి దించాడు. మధ్యలో రెండు చోట్ల అతుకులు. ఇనప స్టాండు ఫ్యాను తెచ్చి మగ్గం పక్కన పెట్టాడు. ఎంత సులువుగా అయిపోయిందో చూశావా అన్నట్టు నా వైపు చూశాడు. తీగ మీద తడిచీర వేయబోతున్న నేను అక్కడే ఆగిపోయాను.

నాకు కరెంటంటే భయం. మా అన్న ఆస్పరి దగ్గర చేన్లో తడిచేత్తో మోటారు పెట్టె ముట్టుకుని పడిపోయాడు, మళ్లీ లేవలేదు. ఆ సంగతి మా ఆయనకు తెలియంది కాదు, పాడె మోసినవాళ్లలో ఆయనా ఒకడు. అయినా నేను వైరు మాటెత్తితే చాలు, నీకన్నీ భయాలే అని నవ్వేసేవాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్లు మండేది.

గుంతమగ్గం మీద నేయడమంటే నేలలో తవ్విన గుంతలోకి కాళ్లు దించి అంచున కూర్చోవడం, అడుగున ఉండే తొక్కుడు చెక్కలను కాలివేళ్లతో అదుముతూ ఉండడం. పోగు ఎండితే పుటుక్కున తెగుతుందని గుంతలోనూ చుట్టూ నీళ్లు చల్లుతారు. అంటే మా ఆయన పొద్దస్తమానం తడిమట్టిలో ఒట్టికాళ్లతో ఉంటాడు. చెయ్యి చాపితే ఇనప ఫ్యాను. కరెంటుకు ఇంతకంటే మంచి దారి ఎవరైనా వేసిస్తారా?

నెత్తీ నోరూ కొట్టుకున్నా వినకపోయేసరికి కండెలు చుట్టడం మానేశాను. నేను రాట్నం ముందు కూర్చుని నూలు చుట్టిస్తే గాని ఆయన నేత సాగదు. రెండు రోజులు బిగదీసుకుని తిరిగి, మూడోనాటికి దిగొచ్చాడు.

ఆదోని పత్తి మిల్లుల్లో వైరింగు పనులు చేసే మా పిన్ని కొడుకును పిలిపించాను. వాడు ఆ వేలాడే వైరు చూసి బావను ఏమీ అనలేక నన్ను చూసి తల గోక్కున్నాడు. ఇంటి బోర్డు నుంచి వేరే లైను తీసి, పైపులో కేబులు వేసి, పార తగలనంత లోతున పూడ్చాడు. షెడ్డులో వేరే బోర్డు బిగించాడు. బయట గుంత తీసి బొగ్గూ ఉప్పూ వేసి ఎర్తింగు చేశాడు, మన ఎండలకు నేల బిగుసుకుపోతే అది పనిచెయ్యదు, అప్పుడప్పుడు నీళ్లు పొయ్యాలన్నాడు. తాగే నీళ్లకే కొళాయి ముందు పడిగాపులు పడే మాకు ఇంకో నోరు తోడైంది. సరే, పోస్తానన్నాను.

చివరగా గోడకు ఒక తెల్లటి పెట్టె పెట్టాడు, ట్రిప్పు స్విచ్చి. కరెంటు దారి తప్పి మనిషిలోకి పాకబోతే అది రెప్పపాటులో పడిపోయి మొత్తం ఆపేస్తుందట. దాని మీద చిన్న బటను ఉంది. "నెలకోసారి ఇది నొక్కి సూడక్కా. లైటు ఆరిపోయిందంటే పెట్టె బాగున్నట్టు" అన్నాడు.

పోతూ పోతూ, రబ్బరు చెప్పులేసుకుని నేస్తే ఇంకా మంచిదన్నాడు. మా ఆయన ముఖం మాడిపోయింది. "కూడు పెట్టే మగ్గం. సెప్పులేసుకొని ఎట్ల తొక్కేదప్పా?" అన్నాడు. ఈ ఒక్క విషయంలో నేనూ ఆయన వైపే. షెడ్డు గడప అవతలే చెప్పులు విడిచి, దండం పెట్టుకుని లోపలికి పోయేదాన్ని నేను. అందుకే ఇక ఆయన ప్రాణానికి కాపుగా మిగిలింది ఆ తెల్లపెట్టె ఒక్కటే.

అది మొదటి వారం నుంచే పడిపోవడం మొదలుపెట్టింది. ఫ్యాను వేసి, నీళ్లు చల్లి, నాలుగు పోగులు నేశాడో లేదో టక్కుమని చీకటి. తమ్ముడికి ఫోను చేస్తే ఫ్యానులో లీకేజీ ఉంది, ముందు దాన్ని పారెయ్యమన్నాడు. మా ఆయన ఒప్పుకోలేదు. ఫ్యాను సుబ్బరంగా తిరుగుతోంది, దొంగది పెట్టే అన్నాడు. శ్రావణం పెళ్లిళ్ల చీరలు మగ్గం మీద ఉన్నాయి, మాటిమాటికీ చీకటైతే అంచులో పూలు తప్పిపోతున్నాయి. ఆయన విసుగు నాకు అర్థం కాకపోలేదు.

తర్వాత ఉన్నట్టుండి అది పడిపోవడం మానేసింది. ఎట్లా బాగైందంటే సర్దుకుందిలే అన్నాడు. నేను నమ్మాను. సంతోషం పట్టలేక ఆ పూట బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేసి మిరపకాయ బజ్జీలు కూడా వేశాను.

ఒకరోజు ఆయన టీ తాగడానికి బజారుకు పోయినప్పుడు షెడ్డు ఊడుస్తూ, తమ్ముడి మాట గుర్తొచ్చి బటను నొక్కాను. పెట్టె టక్కుమని పడింది. లైటు మాత్రం వెలుగుతూనే ఉంది. పెట్టె కింద చూస్తే నల్ల టేపు చుట్టిన వైర్లు. మా ఆయన పెట్టెను తప్పించి కరెంటును నేరుగా కలిపేశాడు. ఇన్నాళ్లూ దాని పక్కనే తడికాళ్లతో కూర్చుని నేశాడు, నా ఉగ్గాని తిన్నాడు.

అరిచి లాభం లేదు, అరిస్తే నవ్వుతాడు. బోర్డు మీద ఫ్యాను స్విచ్చి తీసేసి గుంతలోకి దిగాను. పెళ్లయిన నాటి నుంచి ఒక్కసారీ మగ్గం గుంతలో కాలు పెట్టలేదు. మట్టి చల్లగా కాళ్లకు అంటుకుంది. ఫ్యాను స్టాండును రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాను.

ఆయన వచ్చి, నన్ను అక్కడ చూసి నవ్వబోయాడు. నా చేతులు చూసి ఆగిపోయాడు.

"ఎయ్యప్పా స్విచ్చి" అన్నాను. "నీకేం కాల్యా గదా. నాకూ ఏం కాదు."

లెయ్యి మే, ఏం ఆటలు ఇవి అన్నాడు. నేను ఎయ్యి అన్నాను. రోజూ తానే వేసుకుంటున్నాడు గదా, ఏమన్నా అయిందా అన్నాడు. అయితే ఎయ్యి అన్నాను. పంతంతో బోర్డు దాకా పోయాడు. వేలు స్విచ్చికి ఆనించాడు. అట్లాగే నిలబడ్డాడు. ఆ వేలు నొక్కుతుందేమోనని నాకూ భయమేసింది, కానీ చేతులు తియ్యలేదు.

చెయ్యి దించేసి గుంత అంచున కూలబడ్డాడు. పైకి రమ్మని బతిమాలాడు. ఆ వైర్లు తీస్తేనే వస్తానన్నాను. ఇంట్లోకి పోయి మెయిను ఆపి, స్క్రూడ్రైవరు తెచ్చుకుని, మసక వెలుతురులో టేపు విప్పడం మొదలుపెట్టాడు. జిగురు వేళ్లకంటుకుని టేపు ఊడిరాక ఆయన పడే తంటా గుంతలోంచి నాకు కనబడింది. నాకు జాలి కలగలేదు. పెట్టె పడిన ప్రతిసారీ నేను రాట్నం వదిలేసి ఆయన దగ్గరికి ఉరికేదాన్ని, ఆయన ఒక్కనాడూ తలెత్తి నా ముఖం చూడలేదు.