యాదగిరన్న బోర్లించి చూసిన గిన్నె

నిన్న పొద్దున ఫ్యాక్టరీ వాట్సాప్ గ్రూప్‌లో యాదగిరి పోయాడని మెసేజ్ చూసి, వేరే ఎవరో యాదగిరి అనుకున్నాను. ఫోన్ చేస్తే వదిన ఏడుపు వినిపించింది.

మా అన్న లేడు. హార్ట్ ఎటాక్ అట.

సొంత అన్న కాదు, నాచారం ఫ్యాక్టరీలో మా మెయింటెనెన్స్ సెక్షన్‌లో నాకు సీనియర్. మా ఇంట్లో మాత్రం ఆయన పేరు చెబితే కుక్కరే గుర్తొస్తుంది.

పోయిన ఏడాది మా ఆవిడ సునీతకు ఆపరేషన్ అయింది. రెండు నెలలు మంచం దిగొద్దన్నారు. వంట నా నెత్తిన పడింది. నాకా, టీ తప్ప ఏమీ రాదు.

కరెంట్ ప్రెషర్ కుక్కర్ ఉంది కదా అని ధైర్యం. మొదటి వారం బాగానే నడిచింది. తర్వాత పప్పు సగం ఉడికేసరికి, అడుగు మాడుతోందని స్క్రీన్ మీద "బర్న్" అని చూపించి ఆగిపోయేది. మందులు వేసుకోవాల్సిన మనిషి బ్రెడ్ తిని పడుకునేది. నాకు తల కొట్టేసినట్టుండేది.

సంగతి చెబితే ఆదివారం అన్న మేడిపల్లి నుంచి ఉప్పల్‌లో మా ఇంటికి బండి మీద వచ్చాడు. మళ్లీ ఆగిపోయిన కుక్కర్‌లో ఆవిరి పోయాక మూత తీసి, చెక్క గరిటెతో అడుగు గీకాడు.

"పోపు అడుగంటింది సూడు. జర నీళ్లు పోసి గీకినంకనే పప్పు ఎయ్యాలె. టమాటలు పైన పెట్టు, కలపకు."

అలాగే చేశాం.

మళ్లీ బర్న్.

ఈసారి కుక్కర్ లోపలి గిన్నె బయటికి తీసి, ఖాళీ చేసి, బోర్లించి చూశాడు. అడుగంతా మసి.

"గ్యాస్ మీద పెట్టినవా?"

"లేదన్నా."

పచ్చి అబద్ధం. పోపు తొందరగా అవుతుందని రోజూ పెట్టేవాణ్ణి.

ఆయన గిన్నెను గ్రానైట్ బండ మీద పెట్టి వేలితో తట్టాడు. కటకటా ఊగింది. అడుగు ఉబ్బిపోయి, కుక్కర్ లోపల వేడెక్కే ప్లేటుకు సరిగ్గా ఆనడం లేదు. ఒక్కచోటే మాడుతోంది.

"మిషిన్ల కాడ గంత పద్ధతిగ ఉంటవు, ఇంట్ల గిదేం పనిరా?"

గదిలోంచి సునీత నవ్వింది. ఆపరేషన్ తర్వాత అదే మొదటిసారి.

కొత్త గిన్నె వచ్చేదాకా నాలుగు రోజులు వదినతో వండించి, డ్యూటీకి వెళ్తూ మా ఇంట్లో బాక్స్ ఇచ్చి పోయాడు. థాంక్స్ అంటే తిట్టాడు.

ఇవాళ అన్న ఇంట్లో పొయ్యి వెలిగించరు.

పొద్దున్నే లేచి గిన్నె అడుగు గుడ్డతో తుడిచాను, చేత్తో తడిమి చూశాను. టమాటలు పైన పెట్టి, కలపకుండా మూత పెట్టాను. బర్న్ రాలేదు.

అన్నం, పప్పు మేడిపల్లి తీసుకెళ్లాను. వదిన రెండు ముద్దలు తిని నా వైపు చూసింది.

"నువ్వే వండినవా రమేశ్?"

"అన్న నేర్పిండు వదినా."

పోయిరా అన్నా. మా వంటింటి ఫికర్ ఇంక పెట్టుకోకు. నీ మనసు చల్లగా, ప్రశాంతంగా ఉండాలి.