మస్తానయ్య ఖాళీ వల

నిన్న సాయంత్రం నాలుగున్నరకు మైపాడు తీరాన, రిసార్టు ప్రహరీకి అరవై రెండు మీటర్ల దూరంలో, ఈల మోగింది. ఇరవై మంది పర్యాటకులు తాడు పట్టారు. పన్నెండు నిమిషాల్లో వల ఒడ్డెక్కింది. నిజంగా సముద్రంలో వేసిన వల లాగడానికి రెండు గంటలైనా పడుతుంది. చప్పట్ల నడుమ ఐసుపెట్టెలో నిలవున్న చేపల వాసన కొట్టింది. మస్తానయ్య గుర్తొచ్చాడు.

ఇరవై ఏళ్ల క్రితం నేను తీరపు కోతను కొలిచే సర్వేయరును. నా కొలకర్రను కెరటాల్లో నిలబెట్టి పట్టుకున్న జాలరి ఆయన. ఒకనాడు జ్వరంతో ఉదయపు నీటిమట్టం చూడలేకపోయాను. ముందు వెనకల అంకెల సగటు తీసి పట్టికలో ఆ గడి నింపాను.

"పొద్దన నువ్వు రాలేదు గదా సారూ, ఆడేం రాసినావు?" అన్నాడు.

సగటు గురించి వివరించాను. ఓపికగా విన్నాడు.

"అయితే సముద్రం నీకు జాబు రాసిందా? చూడలేదని రాయి. సిగ్గేముంది? మా వల దినామూ నిండతాదా ఏంది?"

గడిలోని అంకె కొట్టేసి 'చూడలేదు' అని రాశాను. ఏ కళాశాలా నేర్పని పాఠం అది.

తరువాత రిసార్టు వచ్చింది. వల దించే చోటు ఎప్పటికీ జాలర్లదేనన్న రిసార్టు వాళ్ల నోటిమాట నమ్మి, ఆ ఒడ్డును రిసార్టు హద్దులో చేర్చి పటం గీసింది నేనే. 'అసలైన జాలరి జీవితం' చూపడానికి మస్తానయ్య జట్టును పెట్టుకున్నారు. వల ఖాళీగా వచ్చిన రోజుల్లో అతిథులు సణిగారు. దాంతో మేనేజరు జువ్వలదిన్నె రేవులో చేపలు కొనిపించి, వల సంచిలో ముందే కట్టించసాగాడు. ఎదురుచెబితే ఒడ్డు పోతుంది. పదకొండు మంది బతుకు తెరువు పోతుంది. మస్తానయ్య నోరు మూసుకుని లాగాడు.

ఒక రోజు హద్దురాళ్లు చూడటానికి వెళ్లిన నేను వల లాగేటప్పుడు అక్కడే ఉన్నాను. తాడు మీద చేయి వేసినవారెవరికైనా చేపల్లో వాటా ఇవ్వడం వాళ్ల ఆచారం. మస్తానయ్య ఒక అతిథి చేతికి చేపను అందించాడు.

"తాతా, దీని మొప్పలో ఐసుముక్క ఉందేంటి?" అందామె.

"లోతు నీళ్లు చల్లగా ఉంటాయి మేడమ్," అని మేనేజరు నవ్వాడు.

మస్తానయ్య నవ్వలేదు. "అబద్ధం తల్లీ. ఇవి కొనుక్కొచ్చి కట్టినారు. మా వలలో ఈ పొద్దు ఏమీ పడలా. తాడు పట్టినావు గనక వాటా ఇయ్యాల; అబద్ధాన్ని వాటా కింద ఇయ్యలేను."

పక్కనున్న అతిథి విసుక్కున్నాడు: "వీడియో అంతా పాడుచేశావు కదయ్యా! మళ్లీ నీళ్లలో వేసి లాగండి."

అసలైనది చూడాలని అంత దూరం వచ్చినవాడు, అక్కడ దొరికిన ఒకే ఒక్క అసలైన మాటను కసిరాడు. ఆ కోపం నాలో నేటికీ చల్లారలేదు. మరుసటి ఉదయం జాలర్లు రాకుండా ఒడ్డు చుట్టూ కంచె వేశారు. ఒడ్డు తమదేనని నా పటాన్నే రుజువుగా చూపించారు.

మస్తానయ్య పోయి నాలుగేళ్లు. చూడనిది నేను నేటికీ రాయను. నిన్న చూసినది మాత్రం నా కొలతల పుస్తకంలో రాశాను. సముద్రం నుంచి వలలో పడిన చేపలు: సున్నా. కంచె లోపల పోయిన ఒడ్డు: నూట ఎనభై మీటర్లు. ఒడ్డు లేని జాలర్లు: పది మంది. హద్దు గీసిన చేయి: నాది.